సల్లకుండ పోయి సీసా వచ్చె

ఏప్రిల్ వచ్చిందంటే చాలు, పత్రికల ఫ్యామిలీ పేజీలకు దాహం పుడుతుంది. పుదీనా కూలర్, కీరా మాక్‌టెయిల్, చియా గింజల స్మూతీ. పక్కన మంచుముక్కలు తేలే గాజు గ్లాసు ఫొటో. అడుగున చిన్న అక్షరాల్లో ఒక హితవు: పగలు 11 గంటల నుంచి సాయంత్రం 4 గంటల దాకా గడప దాటొద్దు. ఈ మాట ఎవరికి చెబుతున్నట్టు? చెరువు మట్టి తవ్వే కూలికా? కల్లంలో వడ్ల కుప్ప పక్కన కాంటా కోసం పడిగాపులు కాసే రైతుకా? సిగ్నల్ దగ్గర నిలబడే హోంగార్డుకా? అన్నం డబ్బాలు మోసుకుంటూ బండి మీద తిరిగే డెలివరీ పిలగానికా? వీళ్లలో ఎవరికీ గడప లోపల ఉండే వెసులుబాటు లేదు. ఎండకాలం ఏం తాగాలన్నది వాళ్లకు రుచి ముచ్చట కాదు, పానం ముచ్చట.

ఇది ఊరికే అంటున్న మాట కాదు. 2003 ఎండకాలంలో ఉమ్మడి రాష్ట్రంలో వడదెబ్బకు వేయి మందికి పైగా రాలిపోయారు. 2015 మే నెలలో రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి మళ్లీ వేయి దాటింది. చచ్చినవాళ్లలో ఏసీ గదుల వాళ్లు ఎందరో, ఎర్రటి ఎండలో పని చేసినవాళ్లు, ముసలివాళ్లు ఎందరో వేరే చెప్పాల్సిన పని లేదు. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా గుర్తించి, చనిపోయినవాళ్ల కుటుంబానికి 4 లక్షల రూపాయలు ఇస్తామని ఉత్తర్వు ఇచ్చింది. మంచిదే, అంతకుముందు ఇచ్చింది 50 వేలే. కానీ మేం అడిగేది ఒకటే: చచ్చినంక నాలుగు లక్షలు ఇచ్చే సర్కారు, చావకముందు నాలుగు గ్లాసుల సల్ల పోయలేదా?

సల్ల అంటే తేలిగ్గా తీసిపారేసేవాళ్లు ముందు చెమట సంగతి తెలుసుకోవాలి. మండే ఎండలో మోటుపని చేసే మనిషి ఒంట్లోంచి గంటకు లీటరు దాకా చెమట పోతుంది, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే. పోయేది నీళ్లొక్కటే కాదు, వాటితోపాటు ఉప్పు కూడా. చొక్కా ఆరినంక వీపు మీద తెల్లటి చారలు కనిపించేది అందుకే. ఉప్పు పోయిన ఒంట్లోకి ఉత్త నీళ్లే బిందెలకొద్దీ పోస్తే రక్తంలో ఉన్న ఉప్పు ఇంకా పలచబడుతుంది. పిక్కలు పట్టేస్తాయి, తల తిరుగుతుంది, వాంతి వస్తుంది. అందుకే మోటుపనివాడికి నీళ్లూ కావాలి, ఉప్పూ కావాలి, కడుపులో ఇంత గింజ బలమూ కావాలి. ఈ మూడూ ఒక్క ముంతలో కలిపి ఇచ్చిన తాగుడుకు మన ఊళ్లల్లో ఉన్న పేరు అంబలి.

చేసే పద్ధతి ఇప్పటి పిల్లలకు తెలియదు గనక చెప్పాలె. జొన్న పిండినో తైద పిండినో రాత్రి నీళ్లల్లో కలిపి పెడతారు. తెల్లారేసరికి కొద్దిగా పులుస్తుంది. దాన్ని మరిగే నీళ్లల్లో పోసి, ఉండ కట్టకుండా తిప్పుతూ ఉడికించి, ఉప్పేసి చల్లారబెడతారు. తాగేటప్పుడు ఇంత సల్ల పోసుకుని, ఉల్లిగడ్డ కొరుక్కుని, పచ్చిమిరపకాయ నంజుకుంటే అయిపోయింది. పొద్దున ముంతెడు తాగి చెల్కకు పోయిన మనిషి పగటి సద్ది దాకా కదలకుండా పని చేసేవాడు. పులియడంలో పుట్టే మేలుచేసే సూక్ష్మజీవుల గురించి ఇవాళ పెద్ద పెద్ద హోటళ్ల మెనూ కార్డుల్లో ప్రోబయోటిక్ అని రాసుకుని అమ్ముతున్నారు. మన అవ్వలకు ఆ పేరు తెలియదు, పని తెలుసు. తైదల్లో కాల్షియం ఎంతుందో ఉస్మానియా క్యాంపస్ పక్కనే తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ పుస్తకాల్లోనే ఉంది: వంద గ్రాములకు 340 మిల్లీగ్రాములకు పైగా. బియ్యంలో అందులో పదో వంతు కూడా ఉండదు. ఆ సంస్థ గేటు ముందు నుంచి రోజూ నడిచిపోయే విద్యార్థుల చేతుల్లో ఏముంటుందో చూస్తే మాత్రం ప్లాస్టిక్ సీసానే.

మరి అంబలి ఎక్కడికి పోయింది? ఎవరూ ఎత్తుకుపోలేదు. సిగ్గు ఎత్తుకుపోయింది. 'అంబలి తాగేవాడికి మీసాలెత్తేవాడొకడు' అని సామెత పుట్టించుకున్న సమాజం మనది. అంటే అంబలి తాగేవాడు ఏమీ లేనివాడు అన్నది లెక్కే. ఏమీ లేనివాడిగా కనపడాలని ఎవరికుంటది? పిల్లగాడు పట్నంలో చదువుకుని నౌకరీ తెచ్చుకున్న రోజు నుంచి ఆ ఇంట్లో తైదల సంచి అటకెక్కింది. సుట్టం వస్తే అంబలి పోస్తే పరువు పోతుంది, కూల్‌డ్రింకు తెప్పిస్తే ఇజ్జత్ నిలబడుతుంది. ఇది తిండి మార్పు ఒక్కటే కాదు, మన మీద మనకున్న నమ్మకం పోవడం.

సిగ్గుతో పాటు సర్కారు లెక్క కూడా ఉంది. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చింది. ఆ పథకం ఆకలి తీర్చింది, కాదనే హక్కు ఎవరికీ లేదు. కానీ రేషన్ దుకాణంలో బియ్యమే దొరికి జొన్న దొరకకపోతే, జొన్న పండించినవాడు ఎవరికి అమ్ముకోవాలి? బోర్లు పడ్డ చోట వరి వచ్చింది, పడని చోట పత్తి వచ్చింది. జొన్న చేను, తైద చేను మడుల అంచులకు జరిగాయి. జహీరాబాద్ దిక్కు పస్తాపూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు, ఎక్కువమంది దళిత మహిళలే, పట్టుబట్టి చిరుధాన్యాల విత్తనాలు కాపాడుకోకపోతే చాలా రకాలు మనకు పేర్లుగానే మిగిలేవి. 2023ను ఐక్యరాజ్య సమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక పట్నం షాపుల్లో తైదలు అందమైన ప్యాకెట్లలో ప్రత్యక్షమయ్యాయి. ధర చూస్తే కూలి మనిషి దరిదాపులకు పోయేటట్టు లేదు. లేనివాడి తిండి ఉన్నవాడి వైద్యంగా మారిందన్నమాట!

ఇక సీసా చరిత్ర. 1977లో కోకాకోలా ఈ దేశం విడిచిపోయింది. అదే ఏడు థమ్సప్ పుట్టింది. 1993లో కోకాకోలా తిరిగొచ్చి, ఆ థమ్సప్‌నే కొనేసుకుంది. ఆ తర్వాత సినిమా హీరోలు ఎగిరి దుంకి తాగి చూపించారు, మన పిల్లలు దుంకకుండానే తాగడం నేర్చుకున్నారు. 2003లో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ పరీక్షలు చేయించి ఈ సీసాల్లో పురుగుమందుల అవశేషాలు ఉన్నాయని బయటపెట్టింది. పార్లమెంటు సంయుక్త సంఘం వేశారు, 2004లో ఆ సంఘం కూడా అవునన్నది. అదే కాలంలో కేరళలోని ప్లాచిమడలో ఆదివాసీలు తమ బావులు ఎండిపోయాయని కోకాకోలా ఫ్యాక్టరీ ముందు కూర్చున్నారు. 2004 మార్చిలో అది మూతపడింది. నీళ్ల కోసం కొట్లాడిన మనకు ఆ కొట్లాట సంగతి వేరే విడమరచి చెప్పాల్సిన అవసరం లేదు.

పురుగుమందుల ముచ్చట పక్కనపెట్టినా చక్కెర ముచ్చట ఉంది. 300 మిల్లీలీటర్ల కోలా సీసాలో 30 గ్రాములకు పైగా చక్కెర. ఏడెనిమిది చెంచాలు! ఇంట్లో చాయ్‌లో మూడో చెంచా వేస్తే 'షుగరొస్తది నాయనా' అని కసిరే అమ్మ, అదే కొడుక్కి బిర్యానీ పక్కన రెండు లీటర్ల సీసా పెడుతుంది. పెద్దవాళ్లకు రోజుకు 50 గ్రాములు దాటొద్దు, 25 లోపు ఉంటే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. ఒక్క సీసాతో ఆ 25 దాటిపోయింది. మామిడిపండు బొమ్మ ఉన్న డబ్బా తాగితే పండు తిన్నట్టే అనుకునేవాళ్లు ఆ డబ్బా వెనక చిన్న అక్షరాలు ఒక్కసారి చదవాలి. పండ్ల పానీయం అని పిలిపించుకోవడానికి మన దేశపు నిబంధనల్లో 10 శాతం పండ్ల రసం ఉంటే చాలు. మిగతాది నీళ్లూ చక్కెరా. 2025 సెప్టెంబరులో కూల్‌డ్రింకుల మీద జీఎస్టీని సిగరెట్ల వంటివాటితో కలిపి 40 శాతం శ్లాబులో పెట్టారు. అంతకుముందు 28 శాతానికి సెస్సు కలిపినా అంతే వసూలయ్యేది. పన్ను పెట్టినంత మాత్రాన తాగడం ఆగలేదని కిరాణా దుకాణం ఫ్రిజ్ చూస్తే తెలుస్తుంది.

అంతకన్నా పెద్ద మోసం ఇంకొకటి జరిగింది. అది మందుల దుకాణంలో జరిగింది గనక ఇంకా పెద్దది. ఓఆర్ఎస్ అనే పొడి ఒక పోరాటం నుంచి వచ్చింది. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం నాడు సరిహద్దు దాటి వచ్చిన శరణార్థుల్లో కలరా పాకితే, బన్‌గావ్ శిబిరంలో డాక్టర్ దిలీప్ మహలనబిస్ దగ్గర ఎక్కించడానికి సెలైన్ అయిపోయింది. ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లు డ్రమ్ముల్లో పోసి, బంధువులతోనే తాగించారు. 30 శాతం దాకా ఉన్న చావులు 4 శాతం లోపుకు దిగాయి. పైసలు లేనివాళ్ల పానం కాపాడిన మందు అది. ఇవాళ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్క ప్రకారం లీటరు నీళ్లలో కలిపే ఆ పొడి మొత్తం 20.5 గ్రాములు, అందులో గ్లూకోజు 13.5 గ్రాములే. అంతకు మించి తీపి పోస్తే అది పేగుల్లోకి నీళ్లను లాగి విరేచనాలను ఇంకా పెంచుతుంది.

అలాంటి పేరును డబ్బాల మీద అచ్చేసుకుని, చాలా రెట్లు ఎక్కువ చక్కెర ఉన్న రంగునీళ్లను కంపెనీలు ఏళ్ల తరబడి అమ్ముకున్నాయి. విరేచనాలతో సోలిపోయిన పసిబిడ్డకు తల్లి కొనిచ్చింది అదే. దీని మీద హైదరాబాద్‌కే చెందిన పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్లపాటు ఒంటిచేత్తో కొట్లాడారు, హైకోర్టు మెట్లెక్కారు. 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ కదిలి, ఏ ఆహార పానీయం పేరులోనూ ఓఆర్ఎస్ అన్న మాట వాడొద్దని ఆదేశించింది. ఒక్క మనిషి గట్టిగా నిలబడితే ఏమవుతుందో మనకు ఇంకోసారి తెలిసింది. అయితే దుకాణంలో అడిగేటప్పుడు జాగ్రత్త మన చేతుల్లోనే ఉంది. కావలసింది ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని రాసి ఉన్న పొడి ప్యాకెట్, డబ్బా కాదు. అది దొరకని చోట లీటరు శుభ్రమైన నీళ్లలో సమంగా కొలిచిన ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. చెంచా అంటే చిన్న చెంచా.

కల్లు సంగతి ఎత్తకుండా తెలంగాణలో ఎండకాలం గురించి రాయడం కుదరదు. తాటికల్లు దిగే కాలమే ఇది. కల్లును తిట్టడం ఒకప్పుడు పెద్దమనుషుల ఫ్యాషన్, నెత్తిన పెట్టుకోవడం ఇప్పటి ఫ్యాషన్. రెండూ గీత కార్మికుడికి బువ్వ పెట్టవు. ఉమ్మడి రాష్ట్రంలో మూతపడిన హైదరాబాద్ కల్లు దుకాణాలు 2014లో మళ్లీ తెరుచుకున్నాయి. గౌడన్నలు సంబురపడ్డారు. కానీ పట్నంలో తాటిచెట్లు ఎన్నున్నాయి, అమ్ముడుపోయే కల్లు ఎంత? ఈ లెక్క అడిగిన పాపాన ఎవరూ పోలేదు. 2025 జులైలో కూకట్‌పల్లి దిక్కు కల్తీకల్లు తాగి పలువురు చనిపోయారు, ఎందరో ఆసుపత్రుల పాలయ్యారు. అందులో దొరికింది అల్ప్రాజోలం, నిద్రమందు. చెట్టు నుంచి దిగింది కాదు అది, ఫ్యాక్టరీ నుంచి దిగింది. చనిపోయినవాళ్లు పొట్టకూటికి పని చేసుకునే మనుషులు. మన సంస్కృతి అని చెప్పుకుంటున్నప్పుడు ఆ సంస్కృతిలో విషం కలిపేవాడిని పట్టుకునే బాధ్యత కూడా మనదే కాదా?

నీరా వేరు. పులియక ముందటి రసం అది, మత్తు ఉండదు. తెల్లవారకముందే దించి, వెంటనే చల్లగా ఉంచాలి, ఎండెక్కితే పులిసి కల్లవుతుంది. 2023 మేలో హుస్సేన్‌సాగర్ ఒడ్డున నెక్లెస్ రోడ్డులో ప్రభుత్వం నీరా కేఫ్ తెరిచింది. బాగుంది. కానీ చెట్టు ఊర్లో, కేఫ్ పట్నంలో. ఊరి బస్టాండ్‌లో కూల్‌డ్రింకు ఫ్రిజ్ ఉంది, నీరా ఫ్రిజ్ లేదు. ఆ చల్లబరిచే డబ్బా గీత కార్మికుడి సొసైటీకి ఇచ్చేదాకా నీరా మనకు ఆదివారం షికారు వస్తువే. ఇక బీరు: ఒళ్లు చల్లబరుస్తుందని చెప్పుకుని తాగే తమ్ముళ్లకు ఒక్క మాట. సారా ఏ రూపంలో ఉన్నా ఒంట్లో నీళ్లను మూత్రంగా బయటికి పంపిస్తుంది. మత్తు కోసం తాగితే తాగుతున్నామని చెప్పండి, ఎండ మీద నెపం పెట్టకండి.

చెరుకు రసం, నిమ్మకాయ సోడా, తర్బూజ, ముంజలు, బత్తాయి రసం - ఇవన్నీ మంచివే. బత్తాయికి మన నల్లగొండ పెట్టింది పేరు, ఆ పేరు ఉన్నంత ధర రైతుకు ఉండదన్నది వేరే పెద్ద కథ. బండి మీద అనుమానించాల్సింది రసాన్ని కాదు, అందులో వేసే ఐసును. చేపలు నిలువ చేసే ఐసుకు నీలం రంగు కలపాలని, తినే ఐసు తెల్లగా ఉండాలని 2018లోనే నిబంధన వచ్చింది. అమలు ఎట్లా ఉందో మార్కెట్లకు పోయి చూసే ఓపిక అధికారులకు ఉండాలి. ఐసు లేకుండా తాగితే గొడవే లేదు. కొబ్బరిబొండాం అందరికీ మంచిదని రాసేవాళ్లు ఒక మాట మరిచిపోతున్నారు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు అందులోని పొటాషియం ప్రమాదం, డాక్టరును అడక్కుండా తాగొద్దు. బీపీ ఉన్నవాళ్లు సల్లలో ఉప్పు చూసి వేసుకోవాలి.

అన్నిటికన్నా ముందు నీళ్లు. నల్లగొండ జిల్లాలో ఫ్లోరోసిస్‌ను గుర్తించి దశాబ్దాలు గడిచాయి. రాళ్లలోంచి ఊరిన విషం తాగి ఎముకలు వంగిపోయిన తరాల ముందు 'రోజుకు మూడు లీటర్ల నీళ్లు తాగండి' అని చెప్పడం ఎంత అన్యాయమో ఒక్కసారి ఆలోచించాలి. తాగమనే ముందు తాగదగ్గ నీళ్లు ఇవ్వాలి. ఇంకొక సంగతి పత్రికలు రాయవు. చాలామంది ఆడవాళ్లు దాహం వేసినా నీళ్లు తాగరు. బట్టల షాపుల్లో పొద్దంతా నిలబడే పిల్లలు, బజారులో కూరగాయలమ్మే అవ్వలు, డ్యూటీలో ఉన్న మహిళా కానిస్టేబుళ్లు, మూత్రశాల లేని బళ్లో చదివే ఆడపిల్లలు. తాగితే పోవడానికి జాగా లేదు గనక గొంతు ఎండబెట్టుకుంటారు. వడదెబ్బకూ, మూత్రనాళాల ఇన్ఫెక్షన్లకూ, కిడ్నీలో రాళ్లకూ దారి అక్కడినుంచే. వాళ్లకు కావలసింది మంచి షర్బతు జాబితా కాదు, తలుపూ గొళ్లెమూ నీళ్లూ ఉన్న ఒక గది.

ఉద్యోగ సంఘాల అన్నలకు, విద్యార్థి సంఘాల తమ్ముళ్లకు కూడా ఒక మాట చెప్పాలి. 2011 జూన్‌లో వంటావార్పు నాడు రోడ్ల మీద పొయ్యిలు పెట్టుకుని మన తిండి మనం వండుకున్నం. టెంట్ల కిందికి ఊళ్ల నుంచి సల్ల కుండలు వచ్చినయి, ఎవరు పంపారో కూడా అడగకుండా తాగినం. రాష్ట్రం వచ్చినంక మన మీటింగుల్లో ఏముంది? వేదిక మీద వరుసగా నీళ్ల సీసాలు, సభ అయినంక కూల్‌డ్రింకులు. రిటైర్‌మెంట్ దావత్ అయినా అంతే, యూనియన్ ఎన్నిక గెలిచినా అంతే. తెలంగాణ తిండి గురించి మైకులో గంట మాట్లాడి దిగిన నాయకుని చేతిలో నల్లటి నురగ సీసా! నవ్వుకోవడానికి కూడా బాగలేదు.

చేయగలిగినవి పెద్ద పనులేం కావు. సిద్దిపేట మొదలుకుని చాలా పట్టణాల్లో దాతలు ఎండకాలం అంబలి కేంద్రాలు పెడుతున్నారు, పొద్దున పూట కూలీలు వరుస కట్టి తాగిపోతున్నారు. దాతల దయ మీద నడిచే ఆ పనిని మున్సిపాలిటీల బడ్జెట్‌లో ఎందుకు పెట్టకూడదు? మార్కెట్ యార్డులు, వడ్ల కొనుగోలు కేంద్రాలు, బస్ డిపోలు, అడ్డా కూలీలు నిలబడే చౌరస్తాలు - ఈ నాలుగు చోట్ల మార్చి నుంచి జూన్ దాకా అంబలో సల్లో పోస్తే, జొన్న రైతుకు కొనేవాడు దొరుకుతాడు, పోసే పని మహిళా సంఘాలకు దొరుకుతుంది. హాస్టళ్ల మెనూలో సాయంత్రం చాయ్ పక్కన సల్ల పెట్టమని విద్యార్థి సంఘాలు అడగాలి. కార్యదర్శులు తమ సభల్లో సీసాలు ఆపేసి రంజన్లు పెట్టించాలి.

పెట్టేటప్పుడు పద్ధతిగా పెట్టండి. ఫొటో దిగిన మర్నాడు ఎండిపోయే చలివేంద్రాలు మనం చాలా చూసినం. నీడకు తడకల పందిరి, రంజన్ మీద మూత, ముంచడానికి పొడుగు కాడ గరిటె, గ్లాసులు కడగడానికి వేరే బక్కెట్టు, పొద్దటి అంబలి మాపటికి మిగిలితే పారబోసే నియమం. పొద్దంతా అక్కడ నిలబడి పోసే ఆ మనిషికి రోజు కూలి.